చైల్డ్ అడ్వొకసీ సెంటర్‌కు పాపను తీసుకెళ్లే ముందు

మీ ఏడేళ్ల పాప స్కూల్ కౌన్సెలర్‌తో అన్న ఒక మాట వల్ల చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీసెస్ (పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ శాఖ) నుంచి మీకు ఫోన్ వచ్చిందనీ, పాప మీద లైంగిక అత్యాచారం జరిగి ఉండవచ్చునన్న అనుమానం మీ ఇంటికి వచ్చిపోయే ఒక కుటుంబ మిత్రుడి మీద ఉందనీ, గురువారం నాడు పాపను చైల్డ్ అడ్వొకసీ సెంటర్‌కు తీసుకురమ్మన్నారనీ రాశారు. పాపకు ఏమని చెప్పి తీసుకెళ్లాలి, లోపల తన పక్కన మిమ్మల్ని కూర్చోనిస్తారా, వైద్య పరీక్షలో నొప్పి ఉంటుందా, ఇంట్లో ఉన్న మీ అత్తగారికి ఎంతవరకు చెప్పాలి అని అడిగారు. అమెరికాలో ఇటువంటి సెంటర్‌లో కుటుంబాలకు తోడుగా ఉండే ఫ్యామిలీ అడ్వొకేట్‌గా (లాయరుగా కాదు) చాలాకాలం పనిచేసిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు మీరు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. గురువారం లోపల పాపకు నేర్పవలసింది దాదాపు ఏమీ లేదు. మాట్లాడవచ్చునన్న అనుమతి, మాట్లాడితే అమ్మ కుప్పకూలిపోదన్న నమ్మకం, ఈ రెండూ మీ నుంచి తనకు అందితే చాలు. మిగిలిన సన్నాహమంతా పెద్దవాళ్లు చేసుకోవలసినదే.

ఈ సెంటర్లు ఎందుకు పుట్టాయో తెలిస్తే అక్కడ జరిగే ప్రతి పని వెనుక ఉన్న కారణం అర్థమవుతుంది. పూర్వం ఇటువంటి అనుమానం వచ్చినప్పుడు పిల్లలు ఒకే సంగతిని పోలీసులకు స్టేషన్లో, సంక్షేమశాఖ ఉద్యోగికి ఆఫీసులో, డాక్టరుకు ఆసుపత్రిలో, లాయర్లకు కోర్టు భవనంలో మళ్లీ మళ్లీ చెప్పవలసి వచ్చేది. ప్రతిచోటా కొత్త ముఖం, మళ్లీ మొదటి నుంచి అదే ప్రశ్న. చెప్పి చెప్పి అలసిపోయిన పిల్లలు ఒకచోట ఒక మాట వదిలేస్తే, మరొకచోట దానినే పట్టుకుని అబద్ధమనేవారు. 1985లో అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో, అప్పటి డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వం తరఫున నేరాల కేసులు నడిపే అధికారి) బడ్ క్రేమర్ చొరవతో మొదటి సెంటర్ మొదలైంది. పిల్లలు అధికారుల చుట్టూ తిరగడం కాకుండా అధికారులే పిల్లలున్న చోటికి రావాలన్నది దాని మూలసూత్రం. ఈరోజు అమెరికాలో ఇటువంటి సెంటర్లు 900కు పైగా ఉన్నాయి. 1998లో ఐస్‌లాండ్‌లో బార్నాహుస్ పేరుతో ఇదే ఆలోచన మొదలై యూరప్‌లోని మరికొన్ని దేశాలకు పాకింది. కనుక మీరు వెళ్లబోయేది పోలీస్ స్టేషన్‌కూ కాదు, కోర్టుకూ కాదు. అక్కడ పాప మీద నేరం మోపేవారు ఎవరూ ఉండరు. ఇంటర్వ్యూకు గాని, మీకు తోడుగా నిలిచే అడ్వొకేట్ సేవలకు గాని మీ దగ్గర డబ్బు తీసుకోరు.

మీ రెండవ ప్రశ్నకు సమాధానం మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఇంటర్వ్యూ గదిలోకి మిమ్మల్ని రానివ్వరు, పక్క గదిలో తెర మీద చూడనివ్వరు కూడా. ఫోరెన్సిక్ ఇంటర్వ్యూ అనే ఈ సంభాషణ పాపకూ, అందుకోసం ప్రత్యేకంగా శిక్షణ పొందిన ఒకే ఒక్క వ్యక్తికీ మధ్య జరుగుతుంది. డిటెక్టివ్, చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీసెస్ ఉద్యోగి, కొన్నిసార్లు ప్రాసిక్యూటర్ మరొక గదిలో కూర్చుని కెమెరా ద్వారా చూస్తారు. ఇంతమంది తనను వేర్వేరుగా ప్రశ్నించకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. తల్లిని దూరంగా ఉంచడం ఆమె మీద అపనమ్మకంతో కాదు. ఏడేళ్ల పిల్ల ప్రతి వాక్యానికీ ముందు అమ్మ ముఖం చూస్తుంది. అమ్మ కంట్లో నీరు కనిపిస్తే చెప్పబోయిన మాటను అక్కడే మింగేస్తుంది, అమ్మను కాపాడడం తన పని అనుకుంటుంది. పైగా, రేపు కోర్టులో ‘తల్లి ఎదురుగా కూర్చుని చెప్పించింది’ అనే వాదనకు ఎంతమాత్రం చోటు ఉండకూడదు.

ఆ వాదనకు చరిత్ర కూడా ఉంది. 1983లో కాలిఫోర్నియాలోని మాన్‌హట్టన్ బీచ్‌లో, పిల్లల మీద లైంగిక అత్యాచారం జరిగిందన్న ఆరోపణలతో మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ కేసు మొదలైనప్పుడు పిల్లలను అడిగిన తీరులో ఎన్నో లోపాలు జరిగాయి. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగారు, మిగిలిన పిల్లలందరూ చెప్పేశారని ఒత్తిడి తెచ్చారు, కోరుకున్న జవాబు ఇచ్చిన పిల్లలను మెచ్చుకున్నారు. ఏళ్ల తరబడి విచారణ సాగి 1990లో ముగిసేసరికి ఒక్కరికి కూడా శిక్ష పడలేదు. అసలు ఏం జరిగిందో, ఏం జరగలేదో ఎవరూ తేల్చుకోలేని స్థితి మిగిలింది. ఈరోజు ఇంటర్వ్యూ చేసేవారు జవాబును సూచించని ప్రశ్నలు మాత్రమే వేయడానికీ, మిమ్మల్ని ఇంట్లో ప్రశ్నించవద్దని అంత గట్టిగా కోరడానికీ ఆ తరం కేసుల నుంచి నేర్చుకున్న పాఠాలే కారణం.

లోపల ఏం జరుగుతుందో మీకు కళ్లకు కట్టినట్లు తెలిస్తే బయట కూర్చోవడం కొంత తేలికవుతుంది. గది చిన్నదిగా ఉంటుంది, రెండు మెత్తని కుర్చీలు, తెల్ల కాగితాలు, రంగు మార్కర్లు ఉంటాయి. దృష్టి మరలుతుందన్న ఉద్దేశంతో బొమ్మలు ఎక్కువ పెట్టరు. ఇంటర్వ్యూయర్ తన పేరు చెప్పి, ఇక్కడ కెమెరా ఉంది, మనం మాట్లాడుకునేది రికార్డు అవుతుంది అని పాపకు ముందే చెబుతారు. తరువాత కొన్ని నియమాలు: నీకు తెలియకపోతే తెలియదని చెప్పు, ఊహించి చెప్పవద్దు, నేను తప్పుగా అంటే సరిదిద్దు. ‘నీకు అయిదేళ్లు అని నేను అంటే ఏమంటావు’ అని అడుగుతారు. పాప ‘కాదు, ఏడు’ అని సరిదిద్దితే, పెద్దవాళ్ల మాటను కాదనవచ్చునన్న సంగతి తనకు అప్పుడే అనుభవంలోకి వస్తుంది. ఆ తరువాత మొన్నటి పుట్టినరోజు గురించో, స్కూల్లో ఒక రోజు గురించో మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకుంటారు. అసలు విషయానికి వచ్చేది ఇదంతా అయ్యాకే, అదీ ‘ఈరోజు నాతో ఏం మాట్లాడడానికి వచ్చావు’ అన్నంత విశాలమైన ప్రశ్నతో. ఈ వయసు పిల్లలకు మొత్తం ఒక గంట లోపలే పూర్తవడం సాధారణం. పాప మధ్యలో బాత్రూమ్‌కు వెళ్లవచ్చు, ఆపేయమని అడగవచ్చు, ఏమీ చెప్పకుండా బయటికి రావచ్చు. కొన్ని సెంటర్లలో శిక్షణ పొందిన కుక్క పక్కనే పడుకుని తోడుంటుంది. పాపకు కుక్కలంటే భయం ఉంటే ముందే చెప్పండి.

ఇక పాపకు ఏం చెప్పాలన్నది. వారం ముందు చెప్పవద్దు, కారు ఎక్కాక చెప్పవద్దు. ఏడేళ్ల వయసుకు బుధవారం సాయంత్రం, మీరు ఇద్దరూ ప్రశాంతంగా ఉన్న వేళ సరిపోతుంది. పదేళ్లు దాటిన పిల్లలైతే ఒకటి రెండు రోజులు ముందు చెప్పి, వారి ప్రశ్నలకు వ్యవధి ఇవ్వాలి. మాటలు దాదాపు ఇలా ఉండవచ్చు: ‘రేపు మనం ఒక చోటికి వెళ్తున్నాం. పిల్లలతో మాట్లాడడమే అక్కడివాళ్ల పని. వాళ్లలో ఒకరు నీతో కాసేపు మాట్లాడతారు. నువ్వు తప్పేమీ చేయలేదు, నీ మీద ఎవరికీ కోపం లేదు. వాళ్లతో నువ్వు ఏం చెప్పినా ఫర్వాలేదు. నేను అదే బిల్డింగులో బయట గదిలో కూర్చుని ఉంటాను, నువ్వు వచ్చేదాకా ఎక్కడికీ వెళ్లను.’ ఇంతే. ఇందులో చివరి వాక్యాన్ని అక్షరాలా నిలబెట్టుకోవాలి. పాప బయటికి వచ్చేసరికి మీరు ఫోన్ మాట్లాడడానికి పార్కింగ్ దగ్గరికి వెళ్లి ఉండకూడదు.

పాప తిరిగి ప్రశ్నలు వేస్తుంది. ‘ఎందుకు వెళ్లాలి’ అంటే ‘నువ్వు క్షేమంగా ఉన్నావా లేదా తెలుసుకోవడానికి’ అనండి. ‘ఆయన జైలుకు వెళ్తాడా’ అంటే ‘ఆ సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు, అది నీ బాధ్యత కాదు’ అనండి. ‘నీకు ఏడుపు వస్తుందా’ అని అడిగితే నిజమే చెప్పండి: ‘నాకు దిగులుగా ఉంది, అయినా నేను బాగానే ఉంటాను, నన్ను చూసుకునే పెద్దవాళ్లు ఉన్నారు.’ మీ బాధను పూర్తిగా దాచితే పాప నమ్మదు, పూర్తిగా చూపితే మోయలేదు.

మంచి ఉద్దేశంతోనే తల్లిదండ్రులు అనే కొన్ని మాటలు హాని చేస్తాయి. ‘నిజమే చెప్పాలి సుమా’ అన్నది వాటిలో మొదటిది. నిజం చెప్పమనడం సహజమే కాని, ఆ క్షణంలో పాపకు అది ‘నువ్వు అబద్ధం చెప్పావని అమ్మ అనుకుంటోంది’ అని వినిపిస్తుంది. ‘కౌన్సెలర్‌కు చెప్పిందే మళ్లీ చెప్పు’ అనడమూ తప్పే, అది పాఠం అప్పజెప్పించడంతో సమానం. ‘చెప్పేస్తే బొమ్మ కొంటాను’ అనే మాట రికార్డులోకి వచ్చిందంటే పాప చెప్పినదంతా డబ్బుకు కొన్నదిగా చూపించడానికి అవకాశం దొరుకుతుంది. ‘డాక్టరు దగ్గరికి’, ‘ఆడుకోవడానికి’ అని అబద్ధం చెప్పి తీసుకెళ్లవద్దు. ఒక పెద్దమనిషి తనను మోసగించి ఉండవచ్చునన్న సందర్భంలో, అమ్మ కూడా మోసగించిందన్న భావన తనకు కలగకూడదు. ‘ఇక ఎవరూ నిన్ను ఏమీ అడగరు’ అని హామీ ఇవ్వవద్దు. ఈ ఇంటర్వ్యూ పాపను చాలా ప్రశ్నల నుంచి తప్పిస్తుంది కాని, కేసు కోర్టుకు వెళితే సాక్ష్యం చెప్పవలసిన అవసరం రాదని ఎవరూ ముందుగా మాట ఇవ్వలేరు.

ఈలోగా పాపే తనంతట తాను ఏదైనా చెబితే ఆపవద్దు. స్నానం చేయించేటప్పుడో, నిద్రకు ముందో, కారులో వెనక సీటు నుంచో హఠాత్తుగా ఒక వాక్యం వస్తుంది. చేస్తున్న పని నెమ్మదిగా ఆపి వినండి. ‘నాకు చెప్పావు, మంచిపని చేశావు’ అని మాత్రం అనండి. ఎప్పుడు, ఎక్కడ, ఎన్నిసార్లు అని తవ్వవద్దు. తరువాత పాప చూడని చోట కూర్చుని, తను వాడిన మాటలనే మార్చకుండా, తేదీ, సమయం, అప్పుడు మీరేం అన్నారో కూడా కలిపి రాసుకోండి. తను ‘ఉచ్చ పోసుకునే చోటు’ అంటే అలాగే రాయాలి, మీరు దాన్ని సభ్యమైన మాటగా మార్చకూడదు. ఆ కాగితం గురువారం అడ్వొకేట్ చేతికి ఇవ్వండి.

మన భాష విషయంలో ఒక సూచన. పాప ఇంగ్లీషు ఎంత ధారాళంగా మాట్లాడినా, శరీర భాగాలకు ఇంట్లో వాడే మాటలు తెలుగువే అయి ఉండవచ్చు. వాటిని ముందుగానే ఇంటర్వ్యూయర్‌కు అందేలా రాసి ఇవ్వండి. అలాగే పాప జీవితంలో ఉన్న పెద్దవాళ్ల పట్టిక రాయండి: ఇంటికి వచ్చేవారిలో ఎందరిని పాప ‘అంకుల్’ అని పిలుస్తుంది, వారి అసలు పేర్లేమిటి, ఎవరిని ‘బాబాయ్’, ‘మామయ్య’ అంటుంది. ఇది లేకపోతే పాప ‘అంకుల్’ అన్నప్పుడు ఆ గదిలో ఉన్నవారికి అయిదారుగురిలో ఎవరో తెలియదు. పట్టికను పాపతో కలిసి తయారుచేయవద్దు, తను నిద్రపోయాక మీరే రాయండి. మీకో, పాపకో తెలుగు సౌకర్యమైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని బుధవారం లోపలే ఫోన్ చేసి అడగండి. ఫెడరల్ నిధులు తీసుకునే సంస్థలు భాషా సహాయం కల్పించాలని చట్టం చెబుతుంది. బంధువులు గాని, స్థానిక తెలుగు సంఘంలో పరిచయస్థులు గాని ఇంటర్‌ప్రెటర్‌గా ఉండడానికి ఒప్పుకోవద్దు.

వైద్య పరీక్ష గురించి మీ భయం చాలామంది తల్లులకు ఉంటుంది. ఇది పెద్దలకు చేసే స్త్రీవ్యాధుల పరీక్ష వంటిది కాదు. పిల్లల విషయంలో ప్రత్యేక శిక్షణ ఉన్న డాక్టరో, నర్సో తల నుంచి పాదాల దాకా మామూలు ఆరోగ్య పరీక్షలాగే చూస్తారు, అవసరమైన చోట వెలుతురు, భూతద్దం వంటి పరికరంతో బయటి నుంచి పరిశీలిస్తారు. ఈ వయసు ఆడపిల్లలకు లోపలికి పరికరాలు పెట్టరు. పాప వద్దంటే బలవంతంగా పట్టుకుని చేయరు. ఇంటర్వ్యూకు భిన్నంగా, ఇక్కడ పాప కోరుకుంటే మీరు పక్కన ఉండవచ్చు. ‘నీ శరీరం బాగానే ఉంది’ అన్న మాటను డాక్టరు నోట వినడమే చాలామంది పిల్లలకు ఈ పరీక్ష వల్ల కలిగే పెద్ద మేలు, ఎందుకంటే తమలో ఏదో పాడైపోయిందన్న భయాన్ని వారు ఎవరికీ చెప్పకుండా మోస్తుంటారు.

ఫలితం విషయంలో మాత్రం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. పరీక్షలో అంతా మామూలుగా ఉంటే ఏమీ జరగలేదని అర్థం కాదు. 1994లో డాక్టర్ జాయిస్ ఆడమ్స్ బృందం న్యాయపరంగా రుజువైన కేసుల్లోని పిల్లల పరీక్షలను పరిశీలించినప్పుడు, వారిలో అత్యధికులకు స్పష్టమైన గాయపు గుర్తులు కనబడలేదు. ఆ భాగాల్లోని కణజాలం చాలా త్వరగా మానుతుంది, పైగా గుర్తు మిగల్చని అత్యాచారాలే ఎక్కువ. ‘డాక్టరు ఏమీ లేదన్నారు కదా’ అని ఇంట్లో ఎవరైనా విషయాన్ని మూసేయబోతే ఈ సంగతి చెప్పండి. ఒకవేళ జరిగినది గత కొద్ది రోజుల్లోనే అని తెలిస్తే గురువారం దాకా ఆగవద్దు. పాపకు స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా వెంటనే సెంటర్‌కు గాని డిటెక్టివ్‌కు గాని ఫోన్ చేయండి.

ఆరోజు మిగిలిన ఏర్పాట్లు మామూలువే: కడుపు నిండా తిని, నిద్ర చాలి, రోజూ వేసుకునే మందులు వేసుకుని, కళ్లజోడు ఉంటే పెట్టుకుని రావాలి. తనకు ఇష్టమైన దుప్పటో, బొమ్మో వెంట తెచ్చుకోవచ్చు. అనుమానం ఉన్న వ్యక్తి, ఆయన భార్య, ఆయన తరఫున మాట్లాడేవారు ఎవరూ సెంటర్ దరిదాపులకు రాకూడదు. మీరు గాని, మీ భర్త గాని ఆయనకు ఫోన్ చేసి నిలదీయవద్దు. ఎంత ఆవేశం ఉన్నా ఆ ఒక్క ఫోన్ వల్ల ఆధారాలు మాయమయ్యే ప్రమాదం ఉంది. మీ ఫోన్లలో ఆయనతో ఉన్న మెసేజ్‌లు, ఫొటోలు ఏవీ తుడిచేయవద్దు.

పాప లోపల ఉన్నంతసేపు మీ దగ్గర ఫ్యామిలీ అడ్వొకేట్ ఉంటారు. మీరు ఏడవవలసినది, అరవవలసినది, ‘నేనెలా గమనించలేదు’ అని అడగవలసినది వారి ముందే. ఆ గది అందుకే ఉంది. డిటెక్టివ్ మీతో విడిగా మాట్లాడతారు, చివర్లో బృందం తరువాతి అడుగులేమిటో చెబుతుంది. మీ వీసా ఏదైనా, గడువు పరిస్థితి ఏదైనా పాపకు ఈ సేవలు అందుతాయి. వీసా భయంతో అపాయింట్‌మెంట్ వదులుకోవద్దు. సందేహాలుంటే నేరబాధితులకు సహాయపడే ఇమ్మిగ్రేషన్ లాయరును చూపమని అడ్వొకేట్‌ను అడగండి.

మీ అత్తగారి విషయం. ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఏమీ చెప్పకుండా ఉండడం సాధ్యం కాదు, అన్నీ చెప్పడం పాపకు మంచిది కాదు. ‘పాప క్షేమం గురించి ఒక విచారణ జరుగుతోంది, వివరాలు మాకూ పూర్తిగా తెలియవు, పాపను మీరు ఏమీ అడగవద్దు, ఇండియాలో ఎవరికీ చెప్పవద్దు’ అని మీ భర్త ఆమెతో చెప్పడం ఉత్తమం. ఆమె పరువు గురించి మాట్లాడవచ్చు, ‘పెద్దమనుషులతో మాట్లాడి సరిచేసుకుందాం’ అనవచ్చు. ఆ మాటలకు అక్కడికక్కడ కోపంతో జవాబివ్వనవసరం లేదు గాని, పాప వినేలా ఆ చర్చ జరగకూడదన్న విషయంలో ఏమాత్రం సడలవద్దు. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక్క అక్షరం కూడా పెట్టవద్దు. పదేళ్ల తరువాత ఆ అమ్మాయి ఆ బంధువుల మధ్యే పెళ్లిళ్లకూ పండుగలకూ వెళ్లాలి. తన కథ ఎవరికి తెలియాలో అప్పుడు నిర్ణయించుకునే హక్కు తనకు మిగలాలి.

పాప బయటికి రాగానే ‘ఏం చెప్పావు’ అని అడగవద్దు. దగ్గరికి తీసుకుని, ‘వచ్చేశావా, ఇంటికి వెళ్దాం’ అంటే చాలు. ఆ సాయంత్రం ట్యూషన్లు, అతిథులు, హడావిడి లేకుండా చూడండి. తను మామూలుగా ఆడుకుంటే ఆశ్చర్యపోవద్దు. వారం తరువాత పక్క తడిపినా, చీకటికి భయపడినా, చిన్నదానికే మీ మీద విరుచుకుపడినా అడ్వొకేట్‌కు చెప్పండి.

లోపల పాప ఏమీ చెప్పలేదని బృందం మీతో అనవచ్చు. పిల్లలు కొంచెం కొంచెంగా చెబుతారు. కొందరు చెప్పి, ఇంట్లో కల్లోలం చూసి భయపడి, అలా జరగలేదని మాట వెనక్కి తీసుకుంటారు. ఈ రెండింటినీ సెంటర్‌లో ఉన్నవారు ఎరుగుదురు. అవసరమైతే నెమ్మదిగా కొన్ని విడతలుగా సాగే ఇంటర్వ్యూకు ఏర్పాటు చేస్తారు. ఏమీ జరగలేదని తేలే అవకాశమూ ఉంది. అందుకే ఫలితం తెలియకముందే పాపకు మీరు ఏ కథనూ అంటగట్టకూడదు. చికిత్స అవసరమని బృందం అంటే ట్రామా ఫోకస్డ్ సీబీటీ (మానసిక గాయం నుంచి కోలుకోవడానికి మాటల ద్వారా చేసే చికిత్స) ఇస్తారేమో అడగండి. జూడిత్ కోహెన్, ఆంథొనీ మానరీనో, ఎస్తర్ డెబ్లింగర్ రూపొందించిన ఈ పద్ధతి సాధారణంగా 12 నుంచి 25 సెషన్లలో పూర్తవుతుంది, అందులో తల్లిదండ్రులకూ భాగం ఉంటుంది. వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది కనుక గురువారమే పేరు రాయించండి.

గురువారం లోపల ఇంట్లో పాప క్షేమానికి ప్రమాదం అనిపిస్తే 911కు చేయండి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే చైల్డ్‌హెల్ప్ హాట్‌లైన్ 1-800-422-4453 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. రేపు ఉదయం ముందుగా సెంటర్‌కు ఫోన్ చేసి ఫ్యామిలీ అడ్వొకేట్‌ను అడగండి, ఇంటర్‌ప్రెటర్ సంగతి, వైద్య పరీక్ష అదే రోజా కాదా అన్న సంగతి, మీ చిన్నబాబు ఉంటే ఆ సమయంలో ఎవరు చూస్తారన్న సంగతి వారితో మాట్లాడి తేల్చుకోండి.